పశ్చాత్కర్మను మరచిన ఇళ్ళు

సుశ్రుతాచార్యుడు వైద్యకర్మను మూడు భాగాలుగా విభజించాడు. చికిత్సకు ముందు చేయవలసినది పూర్వకర్మ. అసలు చికిత్స ప్రధానకర్మ. చికిత్స ముగిసిన పిమ్మట చేయవలసినది పశ్చాత్కర్మ. ఈ మూడింటిలో చివరిదానిని మనం దాదాపుగా మరచిపోయాం. బాలింతకు పథ్యం పెట్టటం తెలిసిన ఇళ్ళు, పంచకర్మ చేయించుకున్నవారికి పేయ, విలేపి, యూషం అంటూ క్రమక్రమంగా ఆహారం పెంచే సంసర్జన క్రమం ఎరిగిన వైద్యులు కూడా, స్తన క్యాన్సర్‌కు చికిత్స పొంది ఇంటికి వచ్చిన స్త్రీ విషయంలో మాత్రం "గండం గడిచింది, ఇక దేవుడిదే భారం" అని ఊరుకుంటున్నారు.

నేడు మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో మొదటి స్థానం ఈ వ్యాధిదే. శస్త్రచికిత్స, కీమోథెరపీ, రేడియేషన్ అన్నీ కలిపి చాలామందికి ఏడాది, ఏడాదిన్నర లోపుగా ముగుస్తాయి. అంతకాలమూ ఇల్లంతా ఆమె చుట్టూ తిరుగుతుంది. కొడుకు సెలవు పెడతాడు. కూతురు వచ్చి వంట చూస్తుంది. భర్త ఆసుపత్రి వరండాలో రాత్రుళ్ళు గడుపుతాడు. చివరి రేడియేషన్ అయిన రోజున గుడిలో అర్చన చేయించి, బంధువులందరికీ ఫోన్లు చేసి, మర్నాటి నుండి ఆమెకు వంటగది తిరిగి అప్పగిస్తారు. ఆ తరువాత ఐదేళ్ళు, కొందరికి పదేళ్ళు సాగవలసిన పశ్చాత్కర్మ ఆమె ఒక్కతె బాధ్యతగా మిగిలిపోతుంది.

ఇతరులను అనేముందు నా తప్పు నేను ఒప్పుకోవాలి. మా పెద్ద వదినగారికి 2011లో ఎడమవైపు స్తన క్యాన్సర్ వచ్చింది. శస్త్రచికిత్సలో చంకలోని లింఫ్ గ్రంథులు కూడా తీసివేశారు. మిగిలిన చికిత్స కూడా సక్రమంగానే జరిగింది. రోజుకొకటి చొప్పున టామాక్సిఫెన్ మాత్ర వాడమని వ్రాసి ఇచ్చారు. 2013 ఆగస్టులో ఆవిడ నన్ను అడిగారు: "మరిదిగారూ, ఒంట్లోంచి ఆవిర్లు వచ్చి రాత్రిళ్ళు నిద్ర ఉండటం లేదు. మన మందేమైనా ఉందా?" ఆయుర్వేద వైద్యుడినైన నాకు ఆ మాట ఎంతో గౌరవంగా తోచింది. నాడి చూశాను. పిత్తం హెచ్చిందన్నాను. ఒక లేహ్యం, ఒక చూర్ణం ఇచ్చాను. "ఇప్పుడు ఏయే మందులు వాడుతున్నారు?" అని మాత్రం అడగలేదు.

అడిగి ఉంటే, నా లేహ్యం చేతికి రాగానే ఆవిడ ఆ మాత్ర మానివేసే ఆలోచనలో ఉన్నారని తెలిసేది. "రెండూ కలిస్తే వేడి చేస్తాయేమో, ఇంటి వైద్యుడి మందు ఉందిగా" అనుకున్నారట. పైగా ఆ ఏడాది అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. ఆసుపత్రి కాగితాలు మగపెళ్ళివారి కంట పడరాదని ఫైలు అటక మీద పెట్టారు. ఫైలుతో పాటు పరీక్షలూ అటకెక్కాయి.

పద్నాలుగు నెలల తరువాత, 2014 దసరాకు వాళ్ళ ఇంటికి వెళ్ళినప్పుడు గాని ఈ సంగతి నాకు తెలియలేదు. కాఫీ ఇస్తున్న ఆవిడ చేతులు చూశాను. కుడిచేతికి ఎప్పటి గాజులే ఉన్నాయి. ఎడమచేతికి పెద్ద కొలతవి వేరే ఉన్నాయి. ఇదేమిటని అడిగితే "ఆ చేయి కాస్త లావెక్కింది, ఎడమచేతి వాటం కదా, పని ఎక్కువ" అని నవ్వారు. దర్జీ టేపు తెప్పించి కొలిస్తే మోచేతి పైన కుడిచేతికన్నా మూడు సెంటీమీటర్లు హెచ్చుగా ఉంది. మాటమీద మాటగా మాత్ర సంగతీ బయటపడింది. మరుసటి వారమే ఆసుపత్రికి వెంటబెట్టుకుని వెళ్ళాను. అదృష్టవశాత్తూ వ్యాధి తిరిగి వచ్చిన ఆనవాళ్ళు కనబడలేదు. అక్కడి డాక్టరమ్మ వదినగారిని కోప్పడలేదు. నావైపు తిరిగి, "మీరూ వైద్యులే గదా, ఆవిడ ఏం వాడుతున్నదీ మీరు అడగలేదా?" అన్నారు. ఆ పద్నాలుగు నెలల వలన కలిగిన నష్టమెంతో ఆమె చెప్పలేదు. ఎవరూ చెప్పలేరు కూడా.

ఆ మాత్ర సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్తన క్యాన్సర్లలో చాలా భాగం శరీరంలోని ఈస్ట్రోజన్ హార్మోను సాయంతో పెరిగే రకానికి చెందినవి. ఆ హార్మోను కణాలకు తగులుకోకుండా టామాక్సిఫెన్ అడ్డుపడుతుంది. ముట్లుడిగిన స్త్రీలకు సాధారణంగా ఇచ్చే లెట్రజోల్, అనస్ట్రజోల్ వంటివి ఆ హార్మోను తయారీనే తగ్గిస్తాయి. కంటికి కనబడని కణాలేవైనా మిగిలి ఉంటే అవి తిరిగి విజృంభించకుండా ఇవి కాపలా కాస్తాయి. కనీసం ఐదేళ్ళు వాడవలెను. పదేళ్ళు టామాక్సిఫెన్ వాడినవారిలో, ఐదేళ్ళతో ఆపినవారికన్నా వ్యాధి తిరగబెట్టటమూ, దానివల్ల మరణాలూ మరింత తగ్గాయని అనేక దేశాల స్త్రీలపై జరిగిన అట్లాస్ పరిశోధన 2012లో వెల్లడించింది. ఎవరికి ఐదు, ఎవరికి పది అనేది చికిత్స చేసిన వైద్యులు నిర్ణయించవలసిన విషయం.

ఈ మాత్రతో చిక్కేమిటంటే, దీనివల్ల కలిగే మేలు వాడేవారికి ఏనాడూ తెలియదు. తలనొప్పి మాత్ర వేసుకుంటే నొప్పి తగ్గుతుంది, తృప్తిగా ఉంటుంది. ఇది వేసుకుంటే ఆవిర్లు, చెమటలు, చికాకు. రెండవ రకం మాత్రలతో కీళ్ళనొప్పులు, ఎముకల క్షీణత. కావున ఇంట్లో ఎవరూ పట్టించుకోకపోతే ఆమె చడీచప్పుడు లేకుండా మానివేస్తుంది. చాలామంది అలాగే మానివేస్తున్నారు. బాధ ఎక్కువైతే మాత్రను తమంత తాముగా ఆపక, వైద్యులతో చెప్పవలెను. వారు మాత్ర మార్చగలరు, ఆవిర్లకు వేరే మందు ఇవ్వగలరు. అయితే దిగులుకు ఇచ్చే పారాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ వంటి కొన్ని మందులు టామాక్సిఫెన్ పనిని కుంటుపరుస్తాయి; గనుక మరొక వైద్యుని వద్దకు పోయినప్పుడు ఈ మాత్ర సంగతి విధిగా చెప్పవలెను. టామాక్సిఫెన్ వాడుతున్న స్త్రీకి ముట్లుడిగిన తరువాత మరల రక్తస్రావం కనిపించినా, ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా ఆలస్యం చేయరాదు. గర్భాశయ క్యాన్సర్, రక్తనాళాల్లో గడ్డకట్టటం అరుదుగానే అయినా ఈ మందుతో సంభవించగలవు. రెండవ రకం మాత్రలు వాడేవారు ఎముకల సాంద్రత పరీక్ష చేయించుకొనవలెను.

ఆవిర్లకు ఇంట్లో చేయదగినవి లేకపోలేదు. పలుచని నూలు చీరలు, పడుకునే గదిలో గాలి, రాత్రిపూట కారం, వేడి కాఫీ తగ్గించటం, పగలు పలుచని మజ్జిగ. ఇవి చిన్న ఉపశమనాలే గాని చికిత్స కావు. అయినా అర్ధరాత్రి తడిసిన రవిక మార్చుకుంటున్న స్త్రీకి చిన్న ఉపశమనం చిన్నది కాదు.

ఇక పసుపు. ఈ మాట వ్రాయటానికి నా కలం కాస్త సంకోచిస్తున్నది, ఎందుకంటే పసుపును నేను వెనకేసుకు వచ్చినంతగా మరెవరూ వచ్చి ఉండరు. కూరలో వేసే పసుపుకు, పడుకునేముందు త్రాగే పసుపు పాలకు నేను అడ్డు చెప్పను. కాని నేడు దుకాణాల్లో పసుపు సారాన్ని, మిరియాల సారంతో కలిపి, బిళ్ళలుగా అమ్ముతున్నారు. క్యాన్సర్ వచ్చిన ఇంట్లో ఆ సీసా లేకుండా ఉండదు. టామాక్సిఫెన్ మన కాలేయంలో ఎండాక్సిఫెన్‌గా మారి పనిచేస్తుంది. పసుపు సారాన్ని అధిక మోతాదులో తీసుకున్న స్త్రీల రక్తంలో ఆ ఎండాక్సిఫెన్ తగ్గిందని, మిరియాల సారం కూడా కలిస్తే ఇంకొంచెం తగ్గిందని నెదర్లాండ్స్ వైద్యులు 2019లో ప్రకటించారు. ఆ తగ్గుదల భారీది కాకపోవచ్చు. కాని మేలు చేస్తుందనుకుని మ్రింగినది అసలు మందునే తగ్గిస్తే ఎలా? "మూలికలే గదా, చెడు చేయవు" అనే మాటను మా వృత్తివారు ఇకనైనా మానుకోవాలి. పనిచేసే గుణం ఉన్న ద్రవ్యానికి మరొకదాని పనిని చెడగొట్టే గుణమూ ఉండవచ్చును. చరకుడు విరుద్ధాహారాన్ని గురించి అంత విస్తారంగా చెప్పినది ఊరికే కాదు. అతిమధురం వంటి మూలికలలో ఈస్ట్రోజన్‌ను పోలి ప్రవర్తించే పదార్థాలున్నాయని ప్రయోగశాలల్లో తేలింది. కనుక "స్త్రీల బలానికి" అనే పేరుతో వచ్చే లేహ్యాలు ఈ మాత్ర వాడేవారు తమ వైద్యులకు చూపకుండా తినరాదు.

నన్ను కలిసేవారిలో పదిమందికి తొమ్మిదిమంది అడిగేది ఒకటే: "తిరిగి రాకుండా ఏ కషాయం త్రాగాలి?" నాకు తెలిసినంతలో అట్టి కషాయం లేదు. ఉందని చెప్పేవారి వద్ద జాగ్రత్తగా ఉండండి. సుశ్రుతుడే అర్బుదంపైన లేక దాని చెంత మరల పుట్టేదానిని అధ్యర్బుదమనీ, జంటగా గాని ఒకదాని వెంట ఒకటిగా గాని పుట్టేవాటిని ద్విరర్బుదమనీ పేరు పెట్టి, అవి అసాధ్యాలన్నాడు. శేషం మిగిలిన అర్బుదం త్వరగా తిరిగి పుడుతుందనీ హెచ్చరించాడు. తనకు సాధ్యం కానిదానిని కాదని చెప్పటానికి ఆయన సిగ్గుపడలేదు. ఆయన పేరు చెప్పుకుని జీవించే మేము సిగ్గుపడటం ఎందుకు?

చేయి వాపు దగ్గరకు వద్దాం. మధ్యతరగతి ఇళ్ళలో ఎక్కువగా నిర్లక్ష్యానికి గురయ్యేది ఇదే. చంకలో లింఫ్ గ్రంథులు తీసివేసినా, అక్కడ రేడియేషన్ ఇచ్చినా, చేతినుండి తిరిగి పోవలసిన ద్రవానికి దారి సన్నబడుతుంది. వాపు చికిత్స అయిన కొద్ది నెలలకే రావచ్చు, ఎన్నో ఏళ్ళ తరువాతా రావచ్చు. మొదట గాజు బిగుస్తుంది, రవిక చేయి పట్టేస్తుంది, ఉంగరం గుర్తు పడుతుంది, చేయి బరువనిపిస్తుంది. ఆ దశలోనే చూపించుకుంటే అదుపులో ఉంచవచ్చు. ఆలస్యమైతే చర్మం గట్టిపడుతుంది, అప్పుడు తగ్గించటం కష్టం.

ఇటువంటి చేతికి మన వంటగదిలో ఉన్నన్ని ప్రమాదాలు మరెక్కడా లేవు. తాలింపులో ఆవాలు చిటపటలాడి చేతిమీద పడటం, కత్తిపీట గాటు, పొయ్యి మీది గిన్నెను కొంగుతో దించటం, పెరట్లో ముళ్ళు, గోటి పక్క చర్మం పీకటం. వీటిలో ప్రతి చిన్న గాయమూ సూక్ష్మక్రిములకు ద్వారం. చేయి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే పసుపు పట్టు వేసి తెల్లవారేదాకా చూడరాదు. ఆ రోజే వైద్యునికి చూపించి యాంటీబయాటిక్ మొదలుపెట్టించవలెను. పట్టకారు, పొడుగు చేతుల తొడుగులు, పొడిబారకుండా రాత్రిపూట కాస్త కొబ్బరినూనె: ఇవి ఖర్చులేని రక్షణలు. సూది మందులు, రక్తపరీక్షలు వీలైనంతవరకు రెండవ చేతికే చేయించుకోవటం మంచిది.

వాచిన చేతికి ఆముదం కాచి రాసి గట్టిగా మర్దన చేయటం, ఇసుక మూటతో కాపడం పెట్టటం మన ఇళ్ళలో ప్రేమతో చేసే పనులు. ఆ రెండూ ఇక్కడ తగవు. వేడికి వాపు హెచ్చగలదు. అభ్యంగం గొప్పదే గాని ఈ చేతికి కావలసినది చర్మాన్ని అలవోకగా కదిలించే ప్రత్యేకమైన తేలిక మర్దన. దానిని ఫిజియోథెరపిస్టు వద్ద నేర్చుకుని చేయవలెను. కొలత తీసి కుట్టిన బిగుతు తొడుగు కూడా వారే ఇస్తారు.

అలాగని ఆ చేతిని ఒడిలో పెట్టుకుని కూర్చోమనటం లేదు. "ఆ చేత్తో చెంబు కూడా ఎత్తవద్దు" అని ఒకప్పుడు చెప్పేవారు. అమెరికాలో వాపు ఉన్న స్త్రీల చేత వారానికి రెండుసార్లు, పర్యవేక్షణలో, కొద్దికొద్దిగా బరువులు పెంచుతూ ఎత్తించి చూశారు. వాపు పెరగలేదు సరికదా, మధ్యమధ్య వచ్చే ఇబ్బందులు తగ్గాయి. 2009లో ప్రచురితమైన ఈ ఫలితం పాత భయాన్ని చాలావరకు పోగొట్టింది. కొద్దికొద్దిగా పెంచటం అన్నదే అందులో ముఖ్యం. ఆర్నెల్లు ఏమీ చేయించక, పండుగకు ముందురోజు ఒక్కసారిగా దుప్పట్లన్నీ పిండించటం వేరు. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో మెల్లగా గోడ పైకి పాకటం, రెండు చేతులూ తలవెనక్కి తీసుకోవటం రోజూ చేయవలెను. తన జడ తాను వేసుకోగలుగుతున్నదా, పై అలమరలోని డబ్బా అందుకోగలుగుతున్నదా అని ఇంట్లోవారు గమనిస్తే చాలు, భుజం సంగతి తెలిసిపోతుంది.

పరీక్షల విషయంలో రెండు రకాల పొరపాట్లు చూస్తున్నాను. కొందరు ఏడాది తిరిగేసరికి ఆసుపత్రి ముఖం చూడరు. మరికొందరు, డబ్బున్నవారు, ఆర్నెల్లకొకసారి ఒళ్ళంతా స్కానింగు తీయించి, ఆ ఫలితం వచ్చేదాకా ఇల్లంతా అన్నం తినరు. నిపుణులు సాధారణంగా సూచించే పద్ధతి చాలా నిరాడంబరమైనది. మొదటి మూడేళ్ళు మూడు నుండి ఆరు నెలలకొకసారి, నాలుగు, ఐదు సంవత్సరాలలో ఆరు నుండి పన్నెండు నెలలకొకసారి, ఆపైన ఏడాదికొకసారి వైద్యుల చేత చూపించుకోవటం. మిగిలి ఉన్న స్తనానికి ఏటా మామోగ్రామ్. బాధ ఏమీ లేనివారికి మాటిమాటికీ స్కానింగులు, రక్తంలో క్యాన్సర్ గుర్తుల పరీక్షలు చేయటం వల్ల ఆయుష్షు పెరగదు. కాని కొత్త గడ్డ, మచ్చ చుట్టూ మార్పు, తగ్గని ఎముక నొప్పి, విడవని దగ్గు, ఆయాసం, తీవ్రమైన తలనొప్పి, కారణం లేకుండా చిక్కిపోవటం: వీటిలో ఏది కనబడినా తదుపరి తేదీ దాకా ఆగరాదు.

ఆహారం గురించి పాఠకులు నానుండి చాలా ఆశిస్తారని తెలుసు. నిరాశపరుస్తున్నాను. వంకాయ, గోంగూర మానటం వలన ఈ వ్యాధి రాకుండా పోదు. బెల్లం తింటే వ్యాధి పెరుగుతుందని ఆమె ఎదుట అందరూ పాయసం త్రాగుతూ ఆమెకు చారన్నం పెట్టటం హింస. చికిత్స తరువాత చాలామంది బరువు పెరుగుతారు. అది మంచిది కాదు. అందరికీ మంచిదైన భోజనమే ఆమెకూ మంచిది. రాగులు, నువ్వులు, ఆకుకూరలు ఎముకలకు మేలు. సోయాను ఆహారంగా తింటే భయం లేదు గాని దాని సారంతో చేసిన బిళ్ళలు వద్దు. రోజూ అరగంట చొప్పున, వారానికి ఐదు రోజులు చురుకైన నడక. ఆ అరగంట కుక్కరు కూతలు ఎవరో ఒకరు లెక్కపెట్టవలెను, అంతే.

మనస్సు గురించి వ్రాయటం కష్టం. పేరంటానికి పిలిచి, పక్కన కూర్చున్నవారు ఆమె పమిట వైపు చూసే చూపు ఆమెకు తెలుస్తుంది. బజారులో సిలికాన్ అమరికలు దొరుకుతాయి, నూలుతో అల్లిన తేలికైనవీ ఉన్నాయి. రవికలో జేబు కుట్టించుకుంటే సరిపోతుంది. భార్యాభర్తల మధ్య వచ్చే ఎడాన్ని గురించి మన ఇళ్ళలో ఎవరూ మాట్లాడరు. చికిత్స వలన కలిగే శారీరకమైన పొడితనం, నొప్పి వంటివాటికి వైద్యుల వద్ద ఉపాయాలున్నాయి, సిగ్గుపడక అడగవలెను. హార్మోనులున్న పూతలు మాత్రం స్వయంగా కొనరాదు. ఇక రోగం పేరు దాచటం. అమ్మాయి పెళ్ళి చెడుతుందన్న భయం నాకు అర్థం కానిది కాదు, మా ఇంట్లోనే చూశాను. కాని ఫైలు దాచిన ఇంట్లో మాత్రలూ దాచి వేసుకోవాలి, పరీక్షకు వెళ్ళే రోజున బంధువులకు అబద్ధం చెప్పాలి. అబద్ధాలు చెప్పి చెప్పి విసిగి, ఆమె వెళ్ళటమే మానుకుంటుంది. మా అమ్మాయి పెళ్ళి ఆ తరువాత సంగతి తెలిసిన ఇంట్లోనే జరిగింది. అందరికీ అలా జరుగుతుందని నేను చెప్పలేను.

వదినగారు మాత్రలు పూర్తిచేశారు. మధ్యలో పోయిన నెలలు పోగా, డాక్టరమ్మ చెప్పినన్నాళ్ళూ వాడారు. చేతి వాపు పూర్తిగా పోలేదు, పెరగనూ లేదు. పెద్ద గాజులు అలాగే ఉన్నాయి. ఫైలు ఇప్పుడు పంచాంగం పక్కన మేకుకు వ్రేలాడుతుంది. ఏకాదశులకు సున్నాలు చుట్టే ఎర్ర పెన్సిలుతోనే ఆవిడ ఆసుపత్రి తేదీకీ సున్నా చుడతారు. ఆ రోజున కొడుకు సెలవు పెడతాడు. మొన్న వెళ్ళినప్పుడు మలబద్ధకంగా ఉందంటే సంచిలోంచి త్రిఫల చూర్ణం తీయబోయాను. "ఉండండి మరిదిగారూ, ముందు డాక్టరమ్మకు ఫోను చేసి కనుక్కుంటాను" అన్నారు. చూర్ణం పొట్లం బల్ల మీద పెట్టి, ఫోను వచ్చేదాకా కూర్చున్నాను.